నిరంతర చక్కెర మాపకం: భాగాల గడువు, మార్పిడి, మన కర్తవ్యం

(భిలాయి సెక్టర్ 2లో రైల్వే, తపాలా ఉద్యోగుల, వారి కుటుంబాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో వేతనాలను గురించి, ఖాళీల భర్తీని గురించి, పింఛనును గురించి మాట్లాడుకొనడం పరిపాటి. ఈ పూట నాకు అప్పగించిన విషయం పరిమాణంలో రూపాయి బిళ్ళ కంటె కొంచెం పెద్దది మాత్రమే. దండ చేతి వెనుక భాగాన అతికించుకొని, ఒంట్లోని చక్కెరను రేయింబవళ్ళు కొలిచే పరికరం అది. వైద్యులు దానిని నిరంతర గ్లూకోజ్ మాపకం అంటారు. వాడుకలో సిజిఎం అంటున్నాము. దానిలో ఏ భాగం ఎన్నాళ్ళు పనిచేస్తుంది, ఎప్పుడు మార్చాలి, మార్చడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి అనే మూడు ప్రశ్నలను తమ ముందు ఉంచుతాను.

ఇది కొద్దిమంది ఇబ్బంది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం 2021 నాటికి మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. అంటే వయోజనులలో నూటికి 11 మందికి పైగా అన్నమాట. రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన భోజనాలు, రన్నింగ్ రూముల నిద్ర మన జీవితంలో భాగాలు. ఇన్సులిన్ తీసుకొనే ఉద్యోగికి రాత్రి రెండు గంటలకు చక్కెర పడిపోతే, ఆ సంగతి తెల్లవారేదాకా తెలియకపోతే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే ఈ పరికరం ఎందరికో ప్రాణరక్షకమైనది.

అయితే, ఒకసారి కొని అలమారలో పెట్టుకొనే గడియారం వంటి వస్తువుగా దీనిని చూడకూడదు. ఇది ఇంజనుకు బ్రేక్ బ్లాకు వంటిది, వాడుకలోనే అరిగిపోతుంది. దాని గడువు తెలియకుండా వాడినవాడు డబ్బునూ నష్టపోతాడు, ఆరోగ్యాన్నీ నష్టపోతాడు. ఆ గడువును లెక్కలోకి తీసుకోకుండా మంజూరు చేసే కార్యాలయం చేసిన సహాయం సగంలో ఆగిపోతుంది. నేను చెప్పదలచుకొన్న ముఖ్య విషయం ఇదే.

భాగాలు ఏవి?

ఈ పరికరంలో ప్రధానంగా మూడు భాగాలున్నవి. మొదటిది సెన్సార్. వెంట్రుకవంటి సన్నని తంతువు చర్మం క్రిందకు వెళ్ళి, కణాల నడుమ ఉండే ద్రవంలోని గ్లూకోజును కొలుస్తుంది. అది నేరుగా రక్తాన్ని కొలవదు. రక్తంలోని మార్పు ఆ ద్రవంలో కనబడడానికి సుమారు 5 నుండి 10 నిమిషాలు పడుతుంది. చక్కెర వేగంగా ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు వ్రేలి రక్తపు అంకెకు, ఈ అంకెకు తేడా రావడానికి కారణం ఇదే.

రెండవది ట్రాన్స్‌మిటర్. సెన్సార్ పట్టుకొన్న సంకేతాన్ని అది గాలిలో పంపుతుంది. కొన్ని రకాలలో ఇది విడిగా ఉంటుంది. ఇప్పటి రకాలు అనేకం సెన్సారుతో కలిపి ఒకే బిళ్ళగా వస్తున్నవి.

మూడవది అంకెను చూపే రీడర్, లేదా ఆ పని చేసే మొబైల్ ఫోను. ఈ మూడింటికీ మూడు వేర్వేరు గడువులున్నవి. వాటిని కలగాపులగం చేయడం వలననే చిక్కులన్నీ వస్తున్నవి.

గడువు ఎందుకు ఉంటుంది?

"కంపెనీవారు అమ్మకాల కోసమే పదిహేను రోజులకు ఆపివేస్తున్నారు గదా" అని చాలమంది అడుగుతారు. అందులో కొంత నిజం ఉన్నది. గడువు తీరగానే యంత్రం తనంతట తాను ఆగిపోయే ఏర్పాటును తయారీదారులే చేశారు. అయినా దాని వెనుక శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నది.

చక్కెరను ఎంజైముతో పూసిన ఎలెక్ట్రోడు ద్వారా కొలవవచ్చునని అమెరికా శాస్త్రవేత్త లీలండ్ క్లార్క్ తన సహచరుడు లయన్స్‌తో కలిసి 1962లో ప్రతిపాదించాడు. నేటి సెన్సార్లలో అత్యధికం ఆ మార్గంలోనే నడుస్తున్నవి. తంతువు మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే స్వల్ప విద్యుత్తును బట్టి యంత్రం అంకెను లెక్కగడుతుంది. ఎంజైము జీవపదార్థం, ఒంటి వేడిలో అది దినదినానికి శక్తి తగ్గిపోతుంది. మరొక వైపున, కాలిలో ముల్లు విరిగితే శరీరం దాని చుట్టూ కణజాలాన్ని అల్లినట్లే ఈ తంతువు చుట్టూ కూడా అల్లుతుంది. ఆ అల్లిక దట్టమైన కొలదీ గ్లూకోజు తంతువును చేరడం కష్టమవుతుంది. ఇక జిగురు వదులవుతుంది; లోపలి చిన్న బ్యాటరీ క్షీణిస్తుంది. ఈ నాలుగింటిలో ఏది ముందు విఫలమైనా అంకె నమ్మదగినది కాదు.

మన రైలు పట్టాతో పోల్చి చూడండి. పట్టా ఆయుర్దాయాన్ని ఏళ్ళలో కాక దానిపై నడిచిన స్థూల టన్నులలో లెక్కిస్తాము. కంటికి నిగనిగలాడుతున్నా, లోపల అలసట పేరుకొన్న పట్టాను మార్చవలసిందే. సెన్సార్ సంగతీ అంతే. పైకి బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్లు కాదు.

ఏ భాగానికి ఎంత గడువు?

అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ మొదటి నిరంతర మాపకానికి 1999లో అనుమతి ఇచ్చింది. దాని సెన్సార్ మూడు రోజులే పనిచేసేది; ఫలితాన్ని తరువాత వైద్యుడు మాత్రమే చూచేవాడు. 2014లో అబాట్ కంపెనీ ఐరోపాలో ప్రవేశపెట్టిన ఫ్రీస్టైల్ లిబ్రే 14 రోజులు పనిచేసింది. వైద్యుని రీడరుతో చూచే లిబ్రే ప్రో 2015లోను, రోగి స్వయంగా చూచుకొనే లిబ్రే 2020లోను మన దేశానికి వచ్చినవి. లిబ్రేలో సెన్సార్, ట్రాన్స్‌మిటర్ ఒకే బిళ్ళలో ఉంటవి కనుక 14 రోజులకు మొత్తం బిళ్ళను తీసివేయాలి. దాని తరువాత వచ్చిన కొన్ని రకాలకు 15 రోజుల గడువు ఉన్నది.

విడి ట్రాన్స్‌మిటర్ ఉన్నచోట రెండు లెక్కలు వేసుకోవాలి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌కామ్ జి6 రకంలో సెన్సార్ గడువు 10 రోజులు, ట్రాన్స్‌మిటర్ గడువు మూడు నెలలు. అంటే ఒక ట్రాన్స్‌మిటర్ జీవితకాలంలో తొమ్మిది సెన్సార్లు మారుతవి. అదే కంపెనీ జి7 రకంలో రెండూ కలిసిపోయినవి. 10 రోజుల గడువు తీరిన తరువాత కొత్తది పెట్టుకొనడానికి 12 గంటల వెసులుబాటు ఇచ్చారు. మెడ్‌ట్రానిక్ వారి గార్డియన్ 3 సెన్సార్ ఏడు రోజులే పనిచేస్తుంది. దాని ట్రాన్స్‌మిటరును సెన్సార్ మార్చినప్పుడల్లా ఛార్జి చేసుకొని, సుమారు ఒక సంవత్సరం వాడుకోవచ్చును.

చర్మం క్రింద వైద్యుడు అమర్చే ఎవర్‌సెన్స్ అనే రకం మరొకటి ఉన్నది. అది ఎంజైము మీద కాక కాంతిని వెలువరించే రసాయనం మీద ఆధారపడినది. అందుచేత మొదట 90 రోజులు, 2022లో 180 రోజులు, 2024లో 365 రోజుల గడువుతో అమెరికాలో అనుమతులు పొందినది. మూడు రోజులతో మొదలైన గడువు పాతికేళ్ళలో ఏడాది దాకా వచ్చింది. కాబట్టి పది, పదిహేను రోజులన్నది బ్రహ్మ వ్రాసిన వ్రాత కాదు. విజ్ఞానం, పోటీ, కొనుగోలుదారుల ఒత్తిడి కలిస్తే పెరిగేదే. లక్షలాది ఉద్యోగుల కోసం కొనే ప్రభుత్వ శాఖకు ఆ ఒత్తిడి తేగల శక్తి ఉన్నది.

రీడర్ విషయం వేరు. అది కొన్ని సంవత్సరాలు పనిచేస్తుంది. ఛార్జి నిలవనప్పుడు మార్చవలసి ఉంటుంది. ఫోను వాడేవారు కొత్త ఫోను కొనేముందు అది తమ సెన్సారుకు పనికివస్తుందో లేదో చూచుకోవాలి. నడుస్తున్న సెన్సారును ఒక ఫోను నుండి మరొక ఫోనుకు మార్చుకొనడం అన్ని రకాలలోను సాధ్యం కాదు.

గడువుకు ముందే పాడుచేసేవి

పెట్టె మీద రెండు విషయాలుంటవి. ఒకటి, పెట్టె విప్పకుండా ఏ తేదీలోపల వాడాలన్నది. రెండు, అతికించుకొన్న తరువాత ఎన్ని రోజులన్నది. మొదటి తేదీ దాటిన సెన్సారును అతికించుకొంటే రెండవ గడువుకు అర్థమే లేదు. చౌకగా వస్తున్నదని గడువు సమీపించిన సరుకును ఆరు నెలలకు సరిపడా కొని పెట్టుకొనడం తగదు.

మన ప్రాంతంలో ముఖ్య శత్రువు ఎండ. సెన్సార్ పెట్టెలను నిలువచేయవలసిన ఉష్ణోగ్రత రకాన్ని బట్టి మారుతుంది. కొన్నింటికి 4 నుండి 25 డిగ్రీలు, కొన్నింటికి 2 నుండి 28, మరికొన్నింటికి 2 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు. భిలాయిలో ఏప్రిల్, మే నెలలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పార్సెల్ వ్యానులో, ప్లాట్‌ఫారం మీద, రేకుల షెడ్డులో ఒక పగలంతా ఉన్న పెట్టె లోపలి ఎంజైము ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోవచ్చును. ఆ పెట్టెలను చేరవేసేది మన తపాలా, రైల్వే సోదరులే. మందుల పెట్టె మీద ఉష్ణోగ్రత గుర్తు కనబడితే దానిని నీడన ఉంచడం మన చేతిలో ఉన్న పని. ఇంటిలో ఫ్రిజ్ మధ్య అరలో పెట్టుకోవచ్చును గాని, మంచు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. అతికించుకొనే ముందు కొంతసేపు బయట ఉంచాలి.

ఒంటిమీద ఉన్నప్పుడు కూడా హద్దు ఉన్నది. లిబ్రే వంటి పరికరం 10 నుండి 45 డిగ్రీల మధ్య పనిచేసేలా తయారైనది. కొలిమి దగ్గర పనిచేసే ఉక్కు కార్మికునికి, ఎండలో పట్టాల మీద నడిచే ట్రాక్ మెయింటెయినరుకు, సైకిలు మీద తిరిగే పోస్ట్‌మానుకు చెమట వలన జిగురు ఊడిపోతుంది. చర్మాన్ని సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె, పౌడరు లేకుండా అతికించాలి. సెన్సార్ రంధ్రం మూతపడకుండా పైన ప్లాస్టరు వేసుకోవచ్చును. సంచి పట్టీ రాసుకొనే చోట, బరువు మోసే వైపున అతికించకూడదు. ప్రతిసారీ చోటు మార్చాలి.

ఎప్పుడు అంకెను నమ్మకూడదు?

సోదరులారా, ఇది ప్రాణానికి సంబంధించిన భాగం గనుక శ్రద్ధగా వినండి.

మొదటి రోజు అంకె తరువాతి రోజులంత ఖచ్చితంగా ఉండదు. అతికించిన పిమ్మట రకాన్ని బట్టి అరగంట నుండి రెండు గంటల దాకా సెన్సార్ అంకెనే చూపదు. కాబట్టి దూరపు డ్యూటీకి బయలుదేరే ముందు కొత్త సెన్సార్ పెట్టుకోకుండా, విశ్రాంతి దినాన మార్చుకొనడం మేలు. నిద్రలో ఆ చేతిమీద ఒత్తిగిలి పడుకొన్నా అంకె తప్పుగా క్రిందికి దిగుతుంది.

కొన్ని మందులు అంకెను మోసగిస్తవి. లిబ్రే రకాలలో రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి సి విటమిను మాత్రలు వాడితే చక్కెర ఉన్నదానికంటె ఎక్కువగా కనబడవచ్చునని, మెడ్‌ట్రానిక్ రకాలలో పారాసిటమాల్ వలన అదే పొరపాటు వస్తుందని తయారీదారులే హెచ్చరించారు. ఛత్తీస్‌గఢ్ వాసులు విశేషంగా గుర్తుంచుకొనవలసినది మరొకటి ఉన్నది. ఈ రాష్ట్రంలో సికిల్ సెల్ వ్యాధి విస్తారంగా ఉన్నది. దాని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మన పొరుగున మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ వ్యాధికి వాడే హైడ్రాక్సీయూరియా అనే మందు డెక్స్‌కామ్, మెడ్‌ట్రానిక్ సెన్సార్లలో చక్కెరను ఉన్నదానికంటె ఎక్కువగా చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కించుకొంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పైగా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా సికిల్ సెల్ ఉన్నవారిలో సరిగా రాదు. ఈ రెండు వ్యాధులూ ఉన్న కుటుంబాలు సెన్సార్ రకాన్ని ఎంచుకొనే ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.

సెన్సార్లలోనే లోపాలు రావచ్చును. 2025 నవంబరులో అబాట్ కంపెనీ తన లిబ్రే 3, లిబ్రే 3 ప్లస్ సెన్సార్లలో కొన్ని చక్కెరను తప్పుగా తక్కువ చూపుతున్నవని ప్రకటించి, వాటిని వాడవద్దని, మార్చి ఇస్తామని తెలియజేసింది. ఏ సెన్సార్ లోపభూయిష్టమో తెలిసేది దానిమీది క్రమసంఖ్య ద్వారానే. మన పట్టా నడుము మీద తయారైన కర్మాగారం గుర్తు, నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటవి. ఎక్కడైనా పట్టా విరిగితే ఆ వరుసనంతా వెదకి పట్టుకొనేది ఆ గుర్తుతోనే. సెన్సార్ పెట్టెను పారవేసినవాడు ఆ గుర్తునే పారవేసినట్లు.

కాబట్టి నియమం ఒక్కటే. యంత్రం చెప్పేది ఒకటి, ఒళ్ళు చెప్పేది ఒకటి అయినప్పుడు వ్రేలి రక్తంతో గ్లూకోమీటరు పరీక్ష చేయాలి. సెన్సార్ పెట్టుకొన్నంత మాత్రాన గ్లూకోమీటరును, స్ట్రిప్పులను వదలకూడదు. చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తక్కువైతే వెంటనే గ్లూకోజు లేదా పంచదార 15 గ్రాములు తీసుకొని, పావుగంట తరువాత మళ్ళీ వ్రేలి పరీక్ష చేయాలి.

మార్పిడి పద్ధతి

తపాలా కార్యాలయంలో తేదీ ముద్ర పడని ఉత్తరం బయటకు పోదు. సెన్సారుకూ ఆ క్రమశిక్షణే కావాలి. ఒక చిన్న పుస్తకంలో ఈ వివరాలు వ్రాసుకోండి: పెట్టె మీది క్రమసంఖ్య, గడువు తేదీ, అతికించిన తేదీ, వేళ, ఏ చేయి, తీయవలసిన తేదీ, నిజంగా తీసిన తేదీ, ముందే తీసినట్లయితే కారణం. విడి ట్రాన్స్‌మిటర్ ఉన్నవారు దానికి వేరే పుట కేటాయించాలి. గడువు తీరడానికి వారం ముందే తరువాతి పెట్టె చేతిలో ఉండేటట్లు చూచుకోవాలి.

గడువుకు ముందే ఊడిపోయిన, ఆగిపోయిన సెన్సారును వెంటనే పారవేయవద్దు. ముందు తయారీదారుల సహాయ కేంద్రానికి క్రమసంఖ్యతో ఫిర్యాదు చేయాలి. నిజమైన లోపమైతే బదులు ఇచ్చే ఏర్పాటు కంపెనీలకు ఉన్నది. పాత సెన్సారును తిరిగి పంపమని అడగవచ్చును. అందుకే ఫిర్యాదు ముగిసేదాకా దానిని, బిల్లును, పెట్టెను భద్రపరచాలి.

గడువు తీరిన సెన్సారును ఏదో ఉపాయంతో మళ్ళీ నడిపించడం, ఊడిన దానిని తిరిగి గుచ్చుకొనడం, ఒకరు వాడినది మరొకరు వాడడం చేయరాదు. అందులో అంకె తప్పే ప్రమాదమూ, రక్తం ద్వారా అంటువ్యాధులు సోకే ప్రమాదమూ ఉన్నవి. సూది ఉన్న అప్లికేటరును గట్టి డబ్బాలో మూసి, ఆసుపత్రిలో సూదులు తీసుకొనే చోట అప్పగించాలి. సెన్సారులో బ్యాటరీ ఉంటుంది గనుక కాల్చకూడదు. చెత్తకుండీలో పడవేస్తే పారిశుధ్య కార్మిక సోదరుని చేతికి గుచ్చుకొనవచ్చును.

ఎం.ఆర్.ఐ., సి.టి. పరీక్షలకు వెళ్ళేముందు సెన్సార్ ఉన్నదని తప్పక చెప్పాలి. తీసివేయవలసివస్తే ఆ సెన్సార్ అంతటితో ముగిసినట్లే. పరీక్ష తేదీ ముందుగా తెలిస్తే దానికి తగినట్లు మార్పిడి రోజును జరుపుకోవచ్చును.

లోకో పైలట్ల ప్రత్యేక సమస్య

లిబ్రే మొదటి రకం సెన్సార్ ఎనిమిది గంటల లెక్కలనే దాచుకొంటుంది. ఆ లోపల రీడరును దగ్గర పెట్టి చదవకపోతే పాత లెక్కలు చెరిగిపోతవి. లోకో పైలట్ డ్యూటీ ఎనిమిది గంటలు దాటడం మనకు కొత్త కాదు. ఇంజను నడిపేవేళ మొబైల్ ఫోను ఆపివేయాలన్నది భద్రతా నియమం. ఆ నియమం సబబైనదే. కాని ఫోనునే రీడరుగా వాడే ఉద్యోగికి చక్కెర పడిపోతున్నదన్న హెచ్చరిక ఆ వేళలో అందదు. అటువంటివారికి విడి రీడర్ ఇవ్వడమా, డ్యూటీ నిడివి తగ్గించడమా, వేరే పని కేటాయించడమా అన్నది వైద్య విభాగం ఉద్యోగితో కూర్చొని తేల్చవలసిన విషయం. వైద్య కారణాలపై డీకేటగరైజ్ అయిన ఉద్యోగికి వేతన రక్షణతో ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇచ్చే నిబంధనలు రైల్వేలో ఉన్నవి. ఆ రక్షణ ఉన్నదన్న నమ్మకం కలిగితేనే ఉద్యోగి తన వ్యాధిని దాచడు. దాచిన వ్యాధి ఒక్క ఉద్యోగికే కాదు, రైలులోని ప్రయాణికులందరికీ ప్రమాదమే.

ఖర్చు, హక్కు

ఇప్పుడు లెక్క చూద్దాం. 14 రోజుల సెన్సారైతే ఏడాదికి 26 కావాలి. 10 రోజులదైతే 37. ఏడు రోజులదైతే 52. ఒక్కొక్కటి నాలుగు వేల రూపాయలనుకొంటే, 26 సెన్సార్లకే ఏడాదికి 1,04,000 రూపాయలవుతుంది. ఎండకు, చెమటకు రెండు ముందే పోయినవనుకొంటే మరి ఎనిమిది వేలు. ట్రాన్స్‌మిటరు, స్ట్రిప్పులు వీటికి అదనం.

అందరికీ ఏడాది పొడవునా ఈ పరికరం అవసరం లేదు. మాత్రలతో చక్కెర అదుపులో ఉన్నవారికి వైద్యుని సలహాపై ఏడాదిలో ఒకటి, రెండు సార్లు పెట్టుకొని చూచుకొనడం సరిపోవచ్చును. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు, రోజుకు పలుమార్లు ఇన్సులిన్ తీసుకొనేవారికి, తెలియకుండా చక్కెర పడిపోయేవారికి ఇది నిత్యావసరం. మన పోరాటం మొదట వారికోసం జరగాలి.

ఈ సెక్టర్ 2 వీధులలోనే చూడండి. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకరు ఉక్కు కర్మాగారంలో, ఒకరు రైల్వేలో, ఒకరు తపాలా శాఖలో ఉండడం సాధారణం. ఉక్కు ఉద్యోగికి సెక్టర్ 9 ఆసుపత్రి ఉన్నది. రైల్వే ఉద్యోగికి ఆగ్నేయ మధ్య రైల్వే ఆసుపత్రులు ఉన్నవి. రిటైరైనవారికి 1997 నాటి ఆరోగ్య పథకం ఉన్నది. తపాలా ఉద్యోగికి ఊరిని బట్టి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమో, 1944 నాటి వైద్య సహాయ నియమాలో వర్తిస్తవి. గ్రామీణ డాక్ సేవకునికి ఈ రెండూ లేవు. వ్యాధి ఒక్కటే, సెన్సార్ ఒక్కటే, గడువు ఒక్కటే. మార్గాలు మాత్రం నాలుగు.

ధర విషయంలో చట్టం కొంత తోడ్పడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నింటినీ చట్టరీత్యా ఔషధాలుగా పరిగణిస్తున్నారు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వీటి గరిష్ఠ చిల్లర ధరను ఏ పన్నెండు నెలలలోనైనా నూటికి పది కంటె ఎక్కువగా పెంచరాదు. బిల్లులు దాచుకొన్నవాడే ఈ హద్దు దాటిన సంగతిని పట్టుకోగలడు.

ఈ సదస్సు ముందు నేను ఉంచే ప్రతిపాదనలు ఇవి.

ఒకటి: వైద్యుడు అవసరమని వ్రాసిన ఉద్యోగికి, పింఛనుదారుకు, వారి పిల్లలకు సెన్సారును ఒక్కసారి ఇచ్చే పరికరంగా కాక, ఇన్సులిన్ మాదిరిగా నిరంతర సరఫరాగా మంజూరు చేయాలి.

రెండు: మంజూరు "ఇన్ని పెట్టెలు" అని కాక "ఇన్ని రోజులు" అని ఉండాలి. ఏడాది మంజూరు అంటే 365 రోజులకూ సరిపడాలి. ముందే పాడైన వాటికి అదనపు వీలుండాలి.

మూడు: విడి ట్రాన్స్‌మిటరుకు, రీడరుకు వాటి వాటి గడువులను బట్టి వేరుగా మంజూరు ఇవ్వాలి. సెన్సార్ ఇచ్చి ట్రాన్స్‌మిటర్ ఇవ్వకపోవడం వ్యాగన్లు ఇచ్చి ఇంజను ఇవ్వకపోవడం వంటిది.

నాలుగు: శాఖలు కొనే సరుకులో సరఫరా నాటికి మిగిలి ఉండవలసిన గడువును, ముందే విఫలమైతే బదులిచ్చే బాధ్యతను టెండరు షరతులలో చేర్చాలి. నిలువ గదులలో చల్లదనం ఉండాలి.

ఐదు: గ్రామీణ డాక్ సేవకులను, కాంట్రాక్టు కార్మికులను ఈ రక్షణ పరిధిలోకి తీసుకొనిరావాలి.

ఇవి సాధించడానికి మన దగ్గర ఉండవలసిన ఆయుధం వివరాల పుస్తకమే. "సెన్సార్లు చాలడం లేదు" అన్న మాటకు కార్యాలయంలో విలువ తక్కువ. "ఈ తేదీన పెట్టినది, ఈ తేదీన పోయినది, క్రమసంఖ్య ఇది, బిల్లు ఇది" అని వందమంది సభ్యులు వ్రాసి ఇచ్చిననాడు కాదనడానికి ఎవరికీ వీలుండదు. కావున ప్రతి శాఖా కార్యదర్శి తన శాఖలో ఇన్సులిన్ వాడుతున్న సభ్యులను, వారి అంగీకారంతో, వారి వివరాలను గోప్యంగా ఉంచుతూ కలుసుకొని, ఈ లెక్కను వచ్చే మూడు నెలలలో సేకరించాలని మనవి. ఆ లెక్కలతో మన సమాఖ్య చర్చల బల్ల ముందు కూర్చొంటుంది.

 కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!